చెక్కు తీయని చేయి

ముందే చెప్పేస్తున్నాను, తప్పు నాదే. మా అత్తయ్యది కాదు, నహోకోది కాదు, ఆ ఏడాది ఎండలది అంతకన్నా కాదు.

అప్పటికి నేను పద్దెనిమిది వందల వ్యాసాలు రాశాను. ఒక్కదాని కిందా నా పేరు లేదు. పనే అలాంటిది. ఇంటర్నెట్‌లో రాతపని దొరికే సంత లాంటి సైటొకటి ఉంది. కంపెనీలు అందులో పని పెడతాయి, మా బోటివాళ్ళం ఎగబడి అందుకుంటాం. అక్షరానికి అర యెన్‌తో మొదలుపెట్టి, ఆరేళ్ళకు ముప్పావు యెన్ దాకా పాకాను. ఒప్పుకున్న పని ఒక్కటీ మధ్యలో వదల్లేదని, గడువు ఒక్కసారీ దాటలేదని నా ఖాతా పక్కన బంగారు రంగు చుక్క పెట్టారు. ఆ చుక్కను చూసుకుని మురిసిపోయిన రోజులు లేకపోలేదు.

కొతాత్సు బల్ల కింద కాళ్ళు వెచ్చగా పెట్టుకుని, గడప దాటకుండా రాసే రాతలు కాబట్టి వీటిని మా వృత్తిలోనే ‘కొతాత్సు రాతలు’ అని వెక్కిరిస్తారు. నిజమే మరి. పసిపిల్లల జ్వరాల మీద రాశాను, నాకు పిల్లలు లేరు. ఒకినావా సముద్రం మీద రాశాను, ఇంతవరకు విమానం ఎక్కలేదు. బట్టతల మందుల మీదైతే ఏకంగా ముప్పై రాశాను. మా ఆయన తలలో దువ్వెన దిగదు.

సెప్టెంబరు ఆఖరున సోనొబె గారి నుంచి కొత్త పని వచ్చింది. నాకు పని పంచేదీ, నా రాత చూసి సరే అనేదీ ఆయనే. ముఖం చూడలేదు, గొంతు వినలేదు, ఉత్తరాల్లో మాత్రం మహా మర్యాదస్తుడు. విషయం: ‘ఎండు పెర్సిమన్ ఇంట్లోనే! బూజు పట్టకుండా చేయడం ఎలా?’ ఆరు వేల అక్షరాలు.

చదివి పకాలున నవ్వాను. మా ఊరు కమిసావలో ఆ పని తెలియని గుమ్మం లేదు. మా అత్తయ్య తొషినోకి డెబ్భై ఆరేళ్ళు. యాభై రెండు చలికాలాలుగా ఏటా మూడు వేల వగరు పెర్సిమన్ కాయలకు చెక్కు తీసి, తాళ్ళకు కట్టి, వసారాలో వేలాడదీసి, పంచదారలాంటి తెల్లపొడి పైకి వచ్చేదాకా కనిపెట్టుకుని ఉంటుంది. నేనా, ఆ ఇంటికి కోడలిగా వచ్చి పద్నాలుగేళ్ళయినా కత్తి పట్టలేదు. ‘నువ్వు నీ రాత చూసుకో’ అనేది అత్తయ్య. బతికిపోయాను అనుకునేదాన్ని.

సోనొబె వాళ్ళ నియమాలు నలభై పేజీలు. అందులో ముఖ్యమైనది ఒకటే. ఇంటర్నెట్‌లో వెతికితే పైన కనబడే పది పేజీలు చదవాలి, వాటిలో ఉన్నది రాయాలి, లేనిది రాయకూడదు, సొంత అనుభవం అసలు కూడదు. ఆ పది పేజీలూ నాలాంటి వాళ్ళు ఒకరిది చూసి ఒకరు రాసినవే. పదీ ఒకే పాట పాడాయి: అక్టోబరు మధ్యలో చెక్కు తీయండి, బాగా ఎండ తగిలే చోట కట్టండి.

నేను ఆ వాక్యం కొడుతున్నప్పుడు అత్తయ్య వసారాలో కూర్చుని పాత తాళ్ళు చిక్కు తీస్తోంది. ఆమెకూ నాకూ మధ్య తెరిచిన తలుపొకటే. మా ఆయన యసునోరి ఫ్యాక్టరీకి బయల్దేరుతూ ఆమె దగ్గర ఆగాడు.

“అమ్మా, ఈ ఏడు కాయలు తొందరగా రంగు తిరుగుతున్నాయి. వచ్చే నెల పదిహేనుకి నాకు సెలవులున్నాయి. అప్పుడు మొదలెట్టేద్దామా?”

“నీ సెలవు చూసుకుని ఎండుతాయా కాయలు? పొద్దున్నే గుమ్మంలోకొస్తే నా ఊపిరి పొగలా కనబడాలి. కనబడందే నేను కత్తి పట్టను. నవంబరు రావాల్సిందే.”

“నీ నోట్లోంచి పొగ రావడానికి చలెందుకమ్మా, నేను తడి బూట్లతో లోపలికొస్తే చాలదూ?”

“పోరా, బస్సు పోతుంది!”

తల్లీకొడుకులు నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ‘అక్టోబరు మధ్యలో’ అని కొట్టి, ముఖ్యమైన మాట కాబట్టి కింద గీత కూడా పెట్టాను.

వారం తిరక్కుండా ఆ వ్యాసం వెతుకులాటలో అన్నిటికన్నా పైకి వచ్చింది. ‘మీ కృషికి మా జోహారు’ అని రాశాడు సోనొబె. ఆ పూట అన్నంలోకి ఖరీదైన ఈల్ చేప తెచ్చుకుని తిన్నాం. ఎందుకో మాత్రం నేను ఇంట్లో చెప్పలేదు.

*

నవంబరు నాలుగున అత్తయ్య గుమ్మంలో నిలబడి హా అని ఊదింది. పొగ కనబడింది. ఆ పూటే కత్తులు నూరించింది.

మూడో రోజున నహోకో వచ్చింది. అత్తయ్య చెల్లెలి కూతురు, దక్షిణాన సముద్రపొడ్డున తొయొహషిలో కాపురం. ఏటా ఎండినవి తీసుకెళ్ళే పిల్ల, ఆ ఏడాది మాత్రం పచ్చివి కావాలని పంతం పట్టి రెండు పెట్టెలు తెప్పించుకుంది. ‘నీకేం చేతనవునమ్మా’ అని వాళ్ళత్తగారు మాటమాటకీ అంటుందట. ఈసారి ఏడాది చివరి కానుకగా తన చేత్తో ఎండబెట్టినవి ఆవిడ చేతిలో పెట్టాలని ఈ పిల్ల కోరిక.

కారు దిగి పెట్టె మూత తీసింది. పుల్లటి కంపు గుప్పుమంది. ఎనభై కాయలకు ఎనభైయ్యీ నీలంగా బూజు పట్టి ఉన్నాయి.

“పెద్దమ్మా, తిట్టనని ముందు మాటివ్వు.”

“మాటా లేదు మంతీ లేదు. ఎప్పుడు కట్టావివి?”

“అక్టోబరు పదహారున.”

“పదహారునా? తొయొహషిలోనా? అప్పుడు మీకింకా దోమలు కుడుతుంటాయి కదే!”

“ఇంటర్నెట్‌లో అలాగే ఉంది పెద్దమ్మా. అన్నిటికన్నా పైనే ఉంది. పైనున్నదంటే సరైనదేగా అనుకున్నాను.”

“నాకు ఫోన్ చేసి అడిగితే నీ సొమ్మేం పోయింది?”

“నిన్నడిగితే గంట సేపు తిట్టి అప్పుడు చెబుతావు. అది తిట్టదు.”

అత్తయ్యకు నవ్వొచ్చినా ఆపుకుంది. “ఏదీ, చదువు. నేనూ వింటాను దాని పాండిత్యం.”

నహోకో ఫోన్ తీసి చదివింది. “‘చలికాలం దగ్గరపడుతున్న ఈ రోజుల్లో, తియ్యని ఎండు పెర్సిమన్ ఇంట్లోనే చేసుకోవాలని ఉన్నా, బూజు పడుతుందేమోనని వెనకాడేవారు చాలామందే ఉంటారు కదా?’”

నేను అప్పుడు టీ పోస్తున్నాను. ఆ ‘కదా’ నాది. ఆరేళ్ళుగా ఏది రాసినా మొదటి వాక్యం చివర నేను తగిలించే ‘కదా’ అది. టీ కప్పు దాటి పళ్ళెంలోకి పోసేశాను.

నహోకో చదువుకుంటూ పోయింది. అక్టోబరు మధ్యలో అన్న చోటికి రాగానే అత్తయ్య చెయ్యెత్తి ఆపింది.

“ఇక చాల్లే. ఇది రాసినవాడు జన్మలో ఒక్క కాయకు చెక్కు తీసిన పాపాన పోలేదు. వాణ్ణి తెచ్చి నా ముందు కూచోబెట్టు, నేను చెబుతాను వాడి సంగతి.”

చెప్పకుండా ఊరుకోవచ్చు. ఎవరికీ తెలిసే దారి లేదు, కింద పేరు లేదు కదా. ఒక్క క్షణం ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకుంటాను. సిగ్గేసింది.

“వాడు కాదత్తయ్యా,” అన్నాను. “నేనే రాశాను. మీ ముందే ఉన్నాను.”

అత్తయ్య కత్తి కింద పెట్టింది.

“ఎక్కడ కూచుని రాశావు?”

“ఇక్కడే. ఈ గదిలోనే.”

“నేను వసారాలో ఉండగానా?”

“ఉండగానే.”

“ఒక్క మాట నన్నడిగితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?”

“అడిగి తెలుసుకున్నది రాయకూడదత్తయ్యా. వాళ్ళ నియమం. మిగతా పేజీల్లో ఏముంటే అదే రాయాలి.”

పిడుగు పడుతుందనుకున్నాను. ఆమె నోటికి ఊళ్ళో సహకార సంఘం వాళ్ళే జడుస్తారు. కానీ ఆమె బూజు కాయ ఒకటి తీసి, రెండుగా కోసి, లోపల చూసి, పక్కన పెట్టింది. “నా మాట వింటూనే రాశావన్నమాట,” అంది, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

నహోకో నా వంక చూసింది. “అయ్యో వదినా, నువ్వు రాశావని తెలిస్తే ఇంకా గట్టిగా నమ్మేదాన్ని. కమిసావ కోడలివి కదా నువ్వు!”

ఆ పిల్ల వెటకారంగా అనలేదు. అందుకే ఆ మాట ఈనాటికీ గుచ్చుకుంటుంది.

*

మర్నాడే సోనొబెకు రాశాను. వ్యాసంలో రెండు చోట్ల తప్పుంది, ఊపిరి కనబడేంత చలి రాకుండా కడితే కాయ కుళ్ళిపోతుంది, ఎండకన్నా గాలి ముఖ్యం, ఉచితంగా దిద్ది ఇస్తాను, కావాలంటే నాకిచ్చిన డబ్బు వెనక్కి ఇస్తాను అని.

గంటలో జవాబు. ‘ఎంతో శ్రద్ధతో తెలిపినందుకు కృతజ్ఞతలు. ఈ సమాచారానికి ఆధారమైన పేజీ ఏదో దయచేసి తెలుపగలరు.’

‘పేజీ లేదండీ, మనిషి ఉంది. యాభై రెండేళ్ళుగా ఇదే పని చేస్తోంది’ అని రాశాను.

‘మనుషులను ఆధారంగా స్వీకరించే పద్ధతి మాకు లేదు. పైగా వ్యాసం మొదటి స్థానంలో ఉన్నందున దాన్ని కదిలించవద్దని కంపెనీవారి అభిప్రాయం. మీకొక శుభవార్త కూడా. ఇదే వరుసలో ఎండు పళ్ళ మీద మరో పది వ్యాసాలు మీకే ఇవ్వాలని నిర్ణయించాం. అక్షరానికి ఒక యెన్.’

మా లోకంలో ఒక యెన్ అంటే ఏనుగు ఎక్కినట్టు. దానికోసం పదేళ్ళుగా ఎదురుచూస్తున్నవాళ్ళు నాకు తెలుసు. ఆరు నెలల కిందటైతే నేను ఇంటి చుట్టూ గెంతేదాన్ని.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర ఇద్దరికీ చెప్పాను. మానేద్దామనుకుంటున్నాననీ చెప్పాను. మా ఆయన ముద్ద పట్టుకుని ఆగిపోయాడు.

“నీ ఇష్టం అనాలని ఉంది, కానీ అబద్ధమాడలేను మిసుజూ. వేసవి నుంచి నాకు ఓవర్‌టైం లేదు. స్టవ్‌లోకి కిరోసిన్, కారు వాయిదా నీ డబ్బుతోనే నడుస్తున్నాయి. చలికాలం నెత్తిమీదుంది.”

“నిజమేనండీ.”

“ఆ ఒక్క వ్యాసం పోనీలే అనుకుని, మిగతావి జాగ్రత్తగా రాస్తే?”

“జాగ్రత్తగానే రాశానండీ అది కూడా. నా రాతల్లో ఒక్క తప్పు దొర్లదని పేరు. అదే కదా బాధ.”

ఆయన అత్తయ్య వంక చూశాడు. ఆమె సూప్ గిన్నె దింపి, “నన్ను చూస్తావేం? నేను మానమనను, మానొద్దనను. రేపు ఇంట్లో చలేస్తే ‘అత్త మాన్పించింది’ అనిపించుకోను. ఎవరి పని వాళ్ళే తేల్చుకోవాలి,” అంది. కాస్త ఆగి, “కిరోసిన్ లేని చలికాలాలు వీడి చిన్నప్పుడు చాలా చూశాం. బతికే ఉన్నాడు, చూడు, మూడో గిన్నె తింటున్నాడు,” అంది.

అప్పటికి చేతిలో రెండు పనులున్నాయి. చక్రాల సూట్‌కేసుల మీద ఒకటి, ముసలి పిల్లుల మేత మీద ఒకటి. ఒప్పుకున్నవి ఒప్పుకున్నవే. నాలుగు రోజుల్లో రెండూ పూర్తిచేసి గడువు కన్నా ముందే పంపాను. మా వీధి చివరింట్లో పద్దెనిమిదేళ్ళ పిల్లి ఉంటే, వెళ్ళి ఆ ఇంటావిడని అడిగొచ్చి మరీ రాశాను. ఆ రెండు వాక్యాలూ సోనొబె కొట్టేశాడు. ఆశించిందే.

పది వ్యాసాలు వద్దని రాసి, ఖాతా మూసే పేజీ తెరిచాను. కారణం ఎంచుకోమంది. పని దొరకడం లేదు, తీరిక లేదు, ఆరోగ్యం బాగాలేదు, ఇతరం. ‘ఇతరం’ నొక్కితే రెండు వందల అక్షరాల ఖాళీ ఇచ్చింది. రెండు వందల అక్షరాలు నేను కళ్ళు మూసుకుని నింపగలను. ‘తెలిసింది రాయాలని ఉంది’ అని మాత్రం రాసి, నొక్కాను. బంగారు చుక్కతో సహా అన్నీ పోయి, తెల్లటి తెర మిగిలింది. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. మెడ ఒకటే హాయిగా అనిపించింది.

వసారాలోకి వెళ్ళి, “అత్తయ్యా, ఇంకో కత్తుందా?” అన్నాను.

ఆమె తలెత్తకుండానే జరిగి, చాప మీద చోటిచ్చింది.

*

మొదటి రోజు నలభై కాయలు చెక్కేసరికి బొటనవేలు తెగింది. “రక్తం కాయకంటకుండా చూడు, కానుకలకిచ్చేవి,” అంది అత్తయ్య, నా వేలికి గుడ్డ కడుతూనే. వారానికి వేళ్ళన్నీ వగరుతో నల్లబడ్డాయి. ఏ సబ్బుకూ వదల్లేదు. కీబోర్డు తప్ప ఎరగని నా వేళ్ళను తిప్పి తిప్పి చూసుకునేదాన్ని, సంబరంగా ఉండేది. కాయకు కాయ తగలకూడదని, పైన పల్చగా పొర కట్టకుండా పిసకకూడదని, వాన పట్టిన రోజు లోపలికి తెచ్చి ఫ్యాన్ పెట్టాలని ఒక్కొక్కటే తెలిసింది. నేను చెక్కినవాటిలోంచి ఎనభై ఏరి, నహోకో కోసం విడిగా ఒక తాడుకు కట్టాను.

నవంబరు మూడో వారంలో రైతుల దుకాణం నడిపే కువబారా గారు కాయల కోసం వచ్చాడు. మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పండించినవన్నీ అమ్మేది అక్కడే.

“తొషినో గారూ, నగోయా నుంచి వచ్చినవాళ్ళు పచ్చికాయలు సంచులకు సంచులు కొంటారు. మరుసటేడు వచ్చి, బూజు పట్టాయయ్యా అని నా మీద పడతారు. సంచిలో వేయడానికి ఎలా చేయాలో ఒక కాయితం రాసిపెట్టకూడదూ?”

“నాకు రాయడం వస్తే ఈ పని ఎందుకు చేస్తాను? ఇదుగో, రాసే మనిషి ఇక్కడుంది.”

రాశాను. రెండు పేజీలు వచ్చింది. అత్తయ్య చెక్కు తీస్తూ కూర్చుంటే చదివి వినిపించాను. ‘చలికాలం దగ్గరపడుతున్న ఈ రోజుల్లో’ దగ్గర మొదలుపెట్టి ‘కదా’ దాటి నాలుగో వాక్యంలో ఉండగా ఆమె అడ్డుపడింది.

“ఇంతకీ కాయ ఎక్కడే?”

“వస్తుందత్తయ్యా, తర్వాత పేరాలో.”

“అప్పటిదాకా ఎవరాగుతారు? తీసెయ్.”

అక్షరాల లెక్కన అన్నం తిన్న చేయి నాది, ఒక్క అక్షరం కొట్టేయాలంటే ప్రాణం ఉసూరుమనేది. మూడు రోజులు ఇద్దరం కూర్చుని తీసేశాం. తీసే కొద్దీ మాట గట్టిపడింది. చివరికి అరచేయంత కాయితంలో పదకొండు వాక్యాలు నిలిచాయి. నా జన్మలో అంత తక్కువ రాయలేదు, అంత బాగా కూడా రాయలేదు. ఈ మాట నేను గర్వంగానే అంటున్నాను.

కువబారా చదివి, వెనక్కి తిప్పి చూశాడు. “పేరేదండీ? మా దగ్గర ముల్లంగి కట్టకు కూడా పండించిన మనిషి పేరుంటుంది. పేరు లేనిది నేను బల్లమీద పెట్టను. తొషినో గారిది వేసేయనా?”

“నాదెందుకు? నేను రాశానా?” అని అత్తయ్య లేచింది. “దాని పేరెయ్యి. పూర్తిగా వెయ్యి, ఇంటిపేరుతో సహా. రేపు ఎవడికైనా బూజు పడితే తిట్లు కూడా దానికే రావాలి.”

ఆ ఒక్క కాయితానికి కువబారా పదిహేను వేల యెన్లు ఇచ్చాడు. పుట్టగొడుగులవాళ్ళు, సోయా గింజల ముద్ద మిసో చేసే వదినామరదళ్ళు, ఆపిల్ తోటాయన తమకూ రాసిపెట్టమని వరసగా కబురు పెట్టారు. మునుపటంత రాలేదు. కిరోసిన్‌కి మాత్రం లోటు రాలేదు. సైట్లో ఉన్న నా పాత వ్యాసం ఇప్పటికీ పైనే ఉంది. దాన్ని నేనేమీ చేయలేకపోయాను.

ఆ నెలాఖరు శనివారం మా పచ్చికాయలు దించడానికి అత్తయ్యతో కలిసి దుకాణానికి వెళ్ళాను. టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకాయన సంచి కొని, బల్ల దగ్గరే నిలబడి, లోపలి కాయితం తీశాడు. కళ్ళజోడు మార్చుకున్నాడు. వేలు ఆనించి ఒక్కో వాక్యం చదవసాగాడు. నేను పెట్టె మోసుకుంటూ ఆగిపోయాను. ఆరేళ్ళలో, పద్దెనిమిది వందల వ్యాసాల్లో, నా రాతను ముక్కూముఖం తెలియని మనిషి చదువుతుంటే చూడ్డం అదే మొదలు. ఆయన వేలు పదకొండో వాక్యం దాటి కిందికి, నా పేరు మీదికి వచ్చి ఆగింది.

ఆయన తలెత్తి, తెల్లజుట్టు చూసి కాబోలు, అత్తయ్యనే పిలిచాడు. “ఏమ్మా, ఇది రాసింది తమరేనా? మాది ఆరో అంతస్తు ఇల్లు. వసారా లేదు, ఒక్కటే కిటికీ. అందులో కడితే అవుతాయంటారా?”

కాయ మాటొస్తే ఎదుటివాణ్ణి మాట్లాడనివ్వని మా అత్తయ్య, కాయలు సర్దుతూ గడ్డంతో నా వైపు చూపించింది.

“నన్నడుగుతారేం? రాసింది మా కోడలు. ఆమెనడగండి.”

నేను పెట్టె దించి, నల్లటి చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుని ఆయన ముందుకు వచ్చాను.

“ముందు మీరు చెప్పండి,” అన్నాను. “మీ కిటికీలోకి గాలి ఏ వైపు నుంచి వస్తుంది?”

పెద్దాయన సంచి కింద పెట్టి, రెండు చేతులతో తన ఇల్లు గాల్లో గీస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. నేను వింటూ నిలబడ్డాను.